పిక్కబలం

మన భాషలో ఎవరైనా పిక్కబలం చూపించాడంటే పారిపోయాడని అర్థం. నా మొదటి బాక్సింగ్ బౌటు ముగిసిన సాయంత్రం మా కోచ్ ఆ మాటను తిరగేసి వాడారు. "చేతిలో బలం ఉందిరా నీకు. పిక్కబలం లేదు. అది లేనివాడే రింగులోంచి పారిపోవాలని చూస్తాడు" అన్నారు. నేను ముక్కుకు ఐసు ముక్క ఒత్తిపెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాను. కోపం వచ్చింది. నిజమని తెలిసినందుకు మరీ వచ్చింది.

అప్పుడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. బాక్సింగ్ మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. కాలేజీల మధ్య పోటీ, 60 కిలోల విభాగం. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. కొట్లాట మొత్తం కలిపితే తొమ్మిది నిమిషాలు. పొయ్యి మీద ఎసరు మరిగి అన్నం ఉడికేంత సేపు కూడా కాదు. ఇంతోటి దానికి తెల్లవారుజామున లేచి కిలోమీటర్లకు కిలోమీటర్లు పరిగెత్తడం ఎందుకన్నది నా వాదన. వారానికి ఆరు రోజులు హెవీ బ్యాగ్ కొట్టేవాణ్ణి, స్కిప్పింగ్ చేసేవాణ్ణి, బరువులు ఎత్తేవాణ్ణి. రోడ్ వర్క్, అంటే పరుగు, ఉన్న రోజు మాత్రం ఏదో ఒక సాకు దొరికేది. ల్యాబ్ రికార్డు రాయాలి, జలుబు చేసింది, బూట్లు తడిశాయి. బూట్లు తడిసిన సాకు ఏప్రిల్‌లో కూడా చెప్పాను.

బౌటులో మొదటి రెండు నిమిషాలు నావే. గంట మోగగానే వెళ్ళి ఎడాపెడా కొట్టాను. అవతలి కుర్రవాడు గార్డు బిగించి, మోచేతులు దగ్గరకు లాక్కుని, అన్నీ చేతుల మీదే కాచుకున్నాడు. నేను గెలుస్తున్నానని అనుకున్నాను. రెండో నిమిషం దాటాక భుజాలు మండటం మొదలైంది. పళ్ళకు పెట్టుకున్న గార్డు అడ్డుగా ఉన్నట్టు, దాన్ని ఉమ్మేస్తే తప్ప గాలి లోపలికి రానట్టు అనిపించింది. విరామంలో స్టూలు మీద కూర్చున్నప్పుడు కోచ్ ఏదో చెబుతున్నారు, పెదవులు కదలడం కనిపించింది కానీ మాట ఒక్కటీ బుర్రకెక్కలేదు. అలా కూర్చున్నానో లేదో, మళ్ళీ గంట మోగింది. ఒక నిమిషం అంత చిన్నదని ఆ రోజు దాకా నాకు తెలియదు. రెండో రౌండులో గ్లౌజులు తడిసిన ఇసుక సంచుల్లా కిందికి లాగాయి. చేతులు దిగితే ముక్కు బయటపడుతుంది కదా, దెబ్బ తిని తూలినవాడికి రెఫరీ ఎనిమిది దాకా లెక్కపెడతారు, ఆ లెక్క రెండుసార్లు పెట్టించుకున్నాను. మూడో రౌండు సగంలో రెఫరీ నా కళ్ళలోకి చూసి ఆపేశారు. ఆపినందుకు నాకు సిగ్గు కంటే ముందు హాయి కలిగింది. ఆ హాయి సంగతి ఇప్పటి వరకు ఎవరికీ చెప్పలేదు.

తిట్లు తింటానని మర్నాడు జిమ్‌కు వెళ్ళాను. కోచ్ తిట్టలేదు. ఫోనులో 1974 కిన్షాసా పోరు పెట్టి నా చేతికిచ్చారు, మహమ్మద్ అలీకి, జార్జ్ ఫోర్‌మన్‌కు మధ్య జరిగినది. అలీ తాళ్ళకు ఆనుకుని, కాచుకుంటూ, ఫోర్‌మన్ చేత తనివితీరా కొట్టించుకున్నాడు. ఎనిమిదో రౌండుకు ఫోర్‌మన్ చేతుల్లో పస అయిపోయింది, అప్పుడు అలీ కొట్టాడు. చాలామంది దీన్ని అలీ తెలివితేటల కథగా చెబుతారు. మా కోచ్‌కు మాత్రం అది ఊపిరి కథ. "ఇందులో నువ్వెవరో చెప్పు" అన్నారు. ఫోర్‌మన్‌నని చెప్పడానికి నోరు రాలేదు. ప్రపంచ ఛాంపియన్‌తో పోల్చుకోవడం ఒక్క ఓటమిలోనే కుదిరింది.

ఇక రోషం పొడుచుకొచ్చింది. మర్నాటి నుంచి ఉదయం 5 గంటలకు బీచ్ రోడ్డులో ఉన్నాను. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే కొంతసేపు వాహనాలను రానివ్వరు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్ళది, పరిగెత్తేవాళ్ళది. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, ఒడ్డు మీద నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని దాటి, తిరిగి వెనక్కి. అక్కడ పరిగెత్తే కుర్రవాళ్ళలో సగం మంది కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నవారే. వాళ్ళకు 1600 మీటర్ల పరుగు పరీక్ష ఉంటుంది, అందుకని ప్రతివాడి చేతిలోనూ స్టాప్‌వాచ్. నేనూ ఒకటి కొన్నాను. ఇంట్లో అమ్మ, "పోలీసు ఉద్యోగానికి ఏమైనా పెట్టావా నాన్నా?" అని ఆశగా అడిగింది. బాక్సింగ్ కోసమని చెబితే గిన్నెలో చోడి అంబలి పోసి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. కొన్ని జిల్లాల వాళ్ళు రాగి అంటారు, మాకవి చోళ్ళు.

5 కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు, ప్రతిరోజూ నిన్నటి కంటే తక్కువ సమయంలో. అదే నా పద్ధతి, నేనే పెట్టుకున్నది. మొదటి వారం 27 నిమిషాలు పట్టింది. ఏడో వారానికి 23కి వచ్చాను. ఆఖరి కిలోమీటరులో నోట్లో రక్తం రుచి తగిలేది, గుడి ముందు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవాణ్ణి. ఒకసారి పూలమ్మే ఆవిడ భయపడి నీళ్ళ సీసా ఇచ్చింది. నాకు గర్వంగా ఉండేది. ఇంత కష్టపడుతున్నాను కదా, ఫలితం వస్తుంది అనుకున్నాను.

ఏడో వారం స్పారింగ్‌లో, అంటే జిమ్‌లోనే జరిగే సాధన పోరులో, దిగాను. మొదటి రౌండు బాగానే గడిచింది. రెండో రౌండులో మళ్ళీ అదే కథ, అవే భుజాలు, అదే మంట. 5 కిలోమీటర్లు 23 నిమిషాల్లో పరిగెత్తినవాడికి రెండు రౌండ్లకే దమ్ము ఎలా పోతుందో నాకు అంతుపట్టలేదు. అవతల ఉన్నది జాలరిపేట కుర్రవాడు. నాకంటే ఏడాది చిన్న. వాడు పరిగెత్తడం నేను చూశాను, ఎద్దుబండి నయం. కానీ మూడో రౌండులో కూడా వాడు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటున్నాడు. గంట మోగాక నన్ను ఆనుకుని, "అన్నా, నువ్వు రోజూ పరుగు పందెం గెలుస్తున్నావు. ఎవరి మీద?" అని అడిగాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

జవాబు వెతుక్కునే లోపు కాలు పట్టేసింది. కుడి మోకాలి కింద, ముంగాలి ఎముక లోపలి అంచున నొప్పి. మొదట్లో పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు తగ్గిపోయేది. తరువాత తగ్గడం మానేసింది. ఆపైన మెట్లు దిగుతున్నప్పుడు కూడా వచ్చింది. ఫిజియోథెరపిస్టు బొటనవేలితో ఆ అంచు పొడవునా అంగుళం అంగుళం నొక్కుకుంటూ వెళ్ళారు. ఎక్కడ నొప్పి, ఒక్క చోటా, చాలా చోట్లా అని మళ్ళీ మళ్ళీ అడిగారు. వేలెడంత చోట సూదిలా పొడిస్తే ఎముకలో సన్నని బీట పడిందేమో అని అనుమానించాలట. నాకు జానెడు పొడవునా ఉంది, అంటే షిన్ స్ప్లింట్స్, పరుగు ఒత్తిడికి ఆ ఎముక అంచు పొడవునా వచ్చే నొప్పి. నా పరుగు లెక్కంతా విని, సున్నా నుంచి వారానికి 30 కిలోమీటర్లకు ఒక్కసారిగా ఎగిరారు, అదీ సిమెంటు మీద, అదీ ప్రతిరోజూ పందెంలా, ఎముక కూడా కండలాగే మెల్లగా గట్టిపడాలి కదా అన్నారు. బూట్లు తిప్పి చూశారు. మడమ బయటి వైపు అరిగి పలుచబడి ఉంది. అవి బూట్లు తడిశాయని సాకు చెప్పిన బూట్లే.

నాలుగు వారాలు పరుగు బంద్. స్కిప్పింగ్ కూడా వద్దన్నారు, ఎగిరి దిగడం ఏదైనా ఎముకకు ఒకటే. సైకిలు తొక్కాను, భీమిలి రోడ్డు మీద ఉదయం పూట ఎదురుగాలితో గంటసేపు. ఆ నాలుగు వారాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విసుగు, అంతే.

తిరిగి పరుగు మొదలుపెట్టిన రోజు కోచ్ తన స్కూటరు మీద వచ్చారు. స్టాప్‌వాచ్ ఇమ్మన్నారు. ఇచ్చాను. జేబులో వేసుకున్నారు.

"ఎక్కాలు వచ్చా నీకు?"

"వచ్చు సార్."

"పదమూడో ఎక్కం చదువుతూ పరిగెత్తు. మధ్యలో ఊపిరి కోసం ఆగావంటే వేగం ఎక్కువైనట్టు. తగ్గించు."

పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది దాకా బాగానే వెళ్ళింది. పదమూడు నాళ్ళు దగ్గర గాలి అందక ఆగాను. "తగ్గించు" అన్నారు. తగ్గించాను. పదమూడైదులు అరవై... "తగ్గించు." ఇంకా తగ్గించాను. చివరికి ఎక్కం తెగకుండా పూర్తయిన వేగం ఎంతో తెలుసా, కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు. చురుగ్గా నడిచేవాళ్ళు దాదాపు అందుకోగల వేగం. అందుకున్నారు కూడా. నిక్కరు, బనియను వేసుకున్న ఒక పెద్దాయన ఫోనులో సుప్రభాతం పెట్టుకుని నన్ను దాటి వెళ్ళారు. ఆ తరువాత చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకున్న ఇద్దరు ఆంటీలు, కోడలి గురించి మాట్లాడుకుంటూ. పక్కనే స్కూటరు నడుపుతూ బాక్సింగ్ కోచ్, లుంగీలో. నేను బిగ్గరగా పదమూడు ఎనిమిదులు నూట నాలుగు అని అరుస్తూ. కానిస్టేబుల్ కుర్రవాళ్ళ ముఖాల్లోకి చూడలేకపోయాను. నోట్లో రక్తం రుచి వచ్చేదాకా పరిగెత్తడం కంటే ఇది ఎన్నో రెట్లు కష్టంగా అనిపించింది. ఒళ్ళు ఓర్చుకుంది, మనసు ఓర్చుకోలేదు.

ఇది ఎందుకో కోచ్ ఒక అపార్ట్‌మెంటు ఉదాహరణతో చెప్పారు. మేడ మీద చిన్న ట్యాంకు, కింద బోరు మోటారు. వరుసగా ఐదారు దెబ్బలు బలంగా వేశావంటే కుళాయి పూర్తిగా తిప్పినట్టు. కండలో అప్పటికప్పుడు వాడుకోవడానికి ఉన్న ఇంధనం కొద్ది సెకన్లకే అడుగంటుతుంది. ఎవరికైనా అంతే, ఛాంపియన్‌కైనా. ఆ ట్యాంకును మళ్ళీ నింపేది మోటారు, అంటే గుండె, ఊపిరితిత్తులు, రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్. నువ్వు వెనక్కి జరిగి చుట్టూ తిరిగే ఆ ఐదారు సెకన్లలో, స్టూలు మీద కూర్చునే నిమిషంలో ట్యాంకు ఎంత నిండుతుందన్నదే మూడో రౌండు. మోటారు పెద్దది కావాలంటే మెల్లగా, చాలాసేపు పరిగెత్తాలి. అలా చేస్తే గుండె ఒక్కో కొట్టుడుకు ఎక్కువ రక్తం నెట్టడం నేర్చుకుంటుంది, కండల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. రోజూ పందెంలా పరిగెత్తినప్పుడు నేను చేసింది ఏమిటంటే, కుళాయి తిప్పి ట్యాంకు ఖాళీ చేయడం. అలిసిపోవడం బాగా సాధన చేశాను.

కొత్త లెక్క ఇది. వారానికి మూడు రోజులు మెల్లని పరుగు, 35 నిమిషాలతో మొదలుపెట్టి 50 దాకా. ఒకే ఒక్క రోజు గట్టి పరుగు. మిగిలిన రోజులు జిమ్ మాత్రమే. మొదటి నెల మెల్లని పరుగంతా ఇసుక మీదే. దానికి గురువు జాలరిపేట కుర్రవాడు. ఆటుపోట్లు వాడికి నోటికి వచ్చు. "రేపు ఐదుంపావుకు నీళ్ళు బాగా వెనక్కి వెళతాయి అన్నా, అప్పుడు రా" అనేవాడు. నీళ్ళు అప్పుడే వదిలిన తడి ఇసుక రోడ్డంత గట్టిగా ఉండి, రోడ్డులా తిరిగి కొట్టదు. పొడి ఇసుకలో పరిగెత్తితే మడమలు కూరుకుపోయి పిక్కలు రెండు రోజులు మాట వినవు. తడి ఇసుకకూ ఒక గుణం ఉంది, సముద్రం వైపు వాలు. ఎంతదూరం వెళ్ళావో సరిగ్గా అదే దారిన అంతదూరం తిరిగి రావాలి, లేకపోతే ఒక కాలే ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వాడి నాన్నతో పాటు పదేళ్ళ వయసు నుంచి ఒడ్డున వల లాగాడు వాడు. గంటల తరబడి, ఒకే వేగంతో, పాట పాడుతూ లాగడం. వాడి మోటారు అక్కడ తయారైంది. నేను వెళ్ళి వారానికి మూడు రోజులు బీచిలో వెతుక్కుంటున్నది అదే.

ఆరు వారాలకు ఎక్కం తెగకుండానే కిలోమీటరు 7 నిమిషాలకు వచ్చింది. నేను వేగం పెంచలేదు, అదే పెరిగింది. ఒక ఉదయం సుప్రభాతం పెద్దాయనను దాటాను. ఆయన చెయ్యి ఊపారు. నేను కోచ్‌కు ఫోను చేసి మరీ చెప్పాను.

అయితే మే నెల రాగానే ఆ వేగమంతా ఆవిరైంది. ఆవిరి అనడం సబబే, విశాఖ గాలిలో ఉన్నది అదే. తెల్లవారుజామున కూడా చెమట ఆరదు, ఒంటికే అంటుకుని ఉంటుంది. ఒళ్ళు చల్లబడక, నెత్తురులో కొంత చర్మం వైపు మళ్ళి, అదే వేగానికి గుండె నిమిషానికి పది పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకునేది. మళ్ళీ పదమూడు నాళ్ళు దగ్గర ఆగిపోయాను. పాత నేనయితే మొండిగా తోసుకుపోయేవాణ్ణి. ఈసారి తగ్గించాను. స్టాప్‌వాచ్ ఇంకా కోచ్ జేబులోనే ఉంది.

గట్టి పరుగు రోజు కైలాసగిరి. కొండ ఎక్కే రోడ్డు మీద మూడు నిమిషాలు ఎగువకు బలంగా, ఒక నిమిషం ఆగడం, మళ్ళీ మూడు నిమిషాలు. రౌండు కొలత. మొదట మూడుసార్లు, తరువాత ఐదుసార్లు. ఇక్కడ కొలిచింది దూరం కాదు, నాడి. మూడు నిమిషాలు కాగానే దవడ కింద మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాలి. నిమిషం విరామం ముగిసేటప్పుడు మళ్ళీ 15 సెకన్లు. మొదటి రోజు ఆగగానే 47, నిమిషం తరువాత 42. నాలుగుతో హెచ్చవేస్తే 188, 168. అంటే నిమిషం విశ్రాంతిలో నా గుండెకు అందిన విశ్రాంతి దాదాపు లేదు. మొదటి బౌటులో స్టూలు మీద కూర్చున్నప్పుడు కోచ్ మాట ఎందుకు వినపడలేదో ఆ 42 చెప్పింది. నాలుగు నెలల తరువాత అదే మలుపు దగ్గర ఆగగానే 46, నిమిషానికి 31. పైది అలాగే ఉంది, కిందిది 168 నుంచి 124కు పడింది. పైది పెద్దగా తగ్గదు, గట్టిగా కష్టపడితే ఎవరి గుండెయినా తన గరిష్ఠానికి దగ్గరగా కొట్టుకోవలసిందే. పరుగు నాకు ఇచ్చినదంతా ఆ రెండు సంఖ్యల మధ్య దూరమే. ఎవరైనా కుర్రవాడు వచ్చి పరుగు వల్ల ఉపయోగం ఏమిటని అడిగితే వేళ్ళు మెడ మీద పెట్టుకోమంటాను.

ఒక ఆదివారం సింహాచలం మెట్ల మీద పరిగెత్తుదామని వెళ్ళాము. వెయ్యికి పైగా మెట్లు. సగం దాకా వచ్చాక ఒక కుటుంబం మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కుతోంది. తడి పసుపు మీద జారడం ఒక భయం, దాన్ని తొక్కుకుంటూ పోవడం ఇంకో భయం. నడిచి ఎక్కి, దర్శనం చేసుకుని, పులిహోర తిని వచ్చేశాము. కోచ్ ఆ వారం లెక్కలో గట్టి పరుగు అని రాయలేదు.

పరుగు ఇవ్వనిది కూడా చెప్పాలి. మా జిమ్‌లో కొత్తగా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్చుకునే కుర్రవాళ్ళు ఉన్నారు. పరుగు పాతకాలపు చాదస్తమని, కొట్లాటలో ఎవడూ 50 నిమిషాలు ఒకే వేగంతో పోడని, బర్పీలూ (నేలకు వంగి, లేచి, ఎగిరే కసరత్తు) విడతల వారీ పరుగులూ చాలని వాళ్ళ వాదన. సగం నిజం. పరుగు భుజాలకు ఓర్పు ఇవ్వదు. దెబ్బ తగిలినప్పుడు కళ్ళు మూసుకోకుండా ఉండటం నేర్పదు. పెనుగులాటలో ఎదుటివాడి బరువు మెడ మీద పడితే పిక్కలు ఏమీ చేయలేవు. నాలుగు నెలలు పరిగెత్తాక కూడా జాలరిపేట కుర్రవాడితో స్పారింగ్‌లో నేను అనవసరంగా అలిసిపోతున్నాను. కోచ్ చూసి కారణం పట్టుకున్నారు. దెబ్బ వేసే ప్రతిసారీ ఊపిరి బిగబడుతున్నాను. నాలుగు దెబ్బల వరుసంటే నాలుగు దెబ్బలూ ఒకే బిగింపులో. మోటారు ఎంత పెద్దదైతే ఏమిటి, వాల్వు మూసేస్తే? ప్రతి దెబ్బకూ పళ్ళ సందుల్లోంచి 'స్స్' అని వదలడం, దెబ్బకూ దెబ్బకూ మధ్య పిడికిలి వదులు చేయడం, ఇది రింగులోనే నేర్చుకోవాలి. అందుకు నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. కానీ ఆ రెండు నెలలూ రింగులో ఎక్కువ రౌండ్లు ఆడగలిగాను, మర్నాడు లేచి మళ్ళీ ఆడగలిగాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కుర్రవాళ్ళకు చెప్పి చూశాను. బర్పీలు చేస్తూ విన్నారు.

ఆడపిల్లల బ్యాచ్‌లో అందరికీ నిఖత్ జరీన్ దేవత. నిజామాబాద్ అమ్మాయి, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. 2009లో మా విశాఖలోనే, ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణకు వచ్చింది. బాక్సింగ్ కంటే ముందు ఆమె పరుగు పందాల అమ్మాయి, పొట్టి దూరాలు పరిగెత్తేది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది. ఆమె పరుగులోంచి బాక్సింగ్‌లోకి వచ్చింది, నేను పరుగు నుంచి తప్పించుకోవడానికి బాక్సింగ్‌లో దాక్కున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను, ఒప్పుకుంటాను. రెండో పోటీకి ముందు బరువు 61.8 ఉంది. తూకానికి ముందు రోజు ఎవరికీ చెప్పకుండా ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని, పైన స్వెట్టర్ వేసుకుని, ఎండలో గంట పరిగెత్తాను. కాలేజీలో సీనియర్లు చెప్పిన చిట్కా. రెండు కిలోలు తగ్గాయి. కొవ్వు తగ్గింది దాదాపు ఏమీ లేదు, పోయింది నీరూ ఉప్పూ. సాయంత్రానికి పిక్కలు ముడి పడ్డాయి, గది తిరిగింది. కోచ్ నా ముఖం చూసే కనిపెట్టారు. ఇన్నాళ్ళలో ఆయన నా మీద నిజంగా అరిచింది ఆ ఒక్కసారే. చెమట ఆరే దారి మూసేసి ఎండలో పరిగెత్తితే వడదెబ్బకు ప్రాణం పోతుందిరా, బరువు తగ్గించుకోబోయి ఇలా పోయినవాళ్ళు ఉన్నారు అన్నారు. ఆ పోటీ నుంచి నా పేరు ఆయనే తీసేశారు. నేను ఏడ్చాను. తరువాతి పోటీ మూడు నెలలకు వచ్చింది. ఆ మూడు నెలలూ అన్నం తగ్గించి, అంబలి పెంచి, మెల్లగా 59.6కు వచ్చాను.

ఆ బౌటు గెలిచాను, ఐదుగురు జడ్జీల్లో ముగ్గురి లెక్కన. గెలుపు కంటే నాకు బాగా గుర్తున్నది రెండో రౌండు తరువాతి విరామం. ఎదుటివాడు నాకంటే పొడవు, జాబ్ (ముందు చేత్తో వేసే సూటి దెబ్బ) బాగా వేస్తున్నాడు, నా ఎడమ కంటి కింద వాచింది. మొదటి రౌండు వాడిదే. రెండోది చెరిసగం. స్టూలు మీద కూర్చున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయని తెలిసింది. హాలులో ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడని వినపడింది. అవతలి కార్నర్‌లో వాడి కడుపు ఎగిరెగిరి పడుతోందని కనిపించింది. కోచ్ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడిచి, వ్యూహం ఏదో చెబుతారనుకుంటే, చెవి దగ్గరకు వచ్చి అడిగారు.

"పదమూడు ఏడులు?"

"తొంభై ఒకటి సార్."

"ఎనిమిదులు?"

"నూట నాలుగు."

ఆయన నా పళ్ళ గార్డు కడిగి నోట్లో పెట్టి, స్టూలు తీసుకుని తాళ్ళ కిందుగా దిగిపోయారు. గంట ఇంకా మోగలేదు. నేను లేచి నిలబడి ఎదురుచూశాను.